పడవ అదే, కథే మారింది

పాత సాఫ్ట్‌వేర్‌ని మార్చాలంటే మన ముందు రెండు దారులు ఉంటాయి. మొత్తం తీసేసి మొదట్నుంచి రాయడం ఒకటి. లోపలి ఇంజిన్‌ని అలాగే ఉంచి, పైకి కనబడేది మార్చడం ఇంకొకటి. థీమ్ పార్కులు కట్టేవాళ్లకి కూడా ఇదే చిక్కు వస్తుంది. ఒక రైడ్ పాతబడిపోయింది, ఈలోగా ఒక సినిమా పెద్ద హిట్ అయింది. ఆ సినిమాని ఈ రైడ్ ఉన్న చోటికి తేవాలి. ఎలా? బాగా తెలిసిన ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం.

మెయిల్‌స్ట్రామ్ కథ

అమెరికాలోని ఫ్లోరిడాలో, వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఎప్‌కాట్ అనే పార్కు ఉంది. 1982లో మొదలైంది. అందులో వరల్డ్ షోకేస్ అనే భాగంలో ఒక సరస్సు చుట్టూ 11 దేశాల పెవిలియన్లు ఉంటాయి. ఒక్కో దేశం తన కట్టడాలు, తిండి, చేతిపనులు చూపించుకునే చోటు అన్నమాట. వీటిలో అన్నిటికంటే చివర, 1988లో చేరింది నార్వే. దానికి నార్వే కంపెనీలు, ప్రభుత్వం కూడా డబ్బు పెట్టాయి.

ఆ పెవిలియన్‌లో ఉన్న పడవ రైడ్ పేరు మెయిల్‌స్ట్రామ్. అంటే సుడిగుండం. పడవ చీకట్లో పైకి ఎక్కుతుంది, వైకింగుల ఊరు కనిపిస్తుంది. తర్వాత మూడు తలల ట్రోల్ ఒకటి కోపంతో మంత్రం వేస్తుంది. దెబ్బకి పడవ వెనక్కి జారిపోతుంది. కాసేపటికి మళ్లీ ముందుకు తిరిగి, కిందకి దూకి, తుఫానులో ఉన్న ఉత్తర సముద్రంలో చమురు రిగ్ పక్కన తేలుతుంది. రైడ్ దిగాక నార్వే గురించి ఐదు నిమిషాల సినిమా. పురాణం, చరిత్ర, ఆర్థిక వ్యవస్థ, అన్నీ ఒకే ట్రిప్పులో!

2013 నవంబర్‌లో 'ఫ్రోజెన్' వచ్చింది. ప్రపంచమంతా కలిపి 120 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అందులోని అరెండెల్ రాజ్యం కల్పితమే, కానీ దాని కొండలు, ఇళ్లు, బట్టలకి స్ఫూర్తి నార్వే. డిస్నీకి దారి దొరికింది. 2014 అక్టోబర్ 5న మెయిల్‌స్ట్రామ్ మూతపడింది. అదే చోట 2016 జూన్ 21న 'ఫ్రోజెన్ ఎవర్ ఆఫ్టర్' మొదలైంది.

లోపల ఏం మారలేదు?

ఇంజనీరింగ్ వాళ్లకి అసలు ఆసక్తి ఇక్కడే. నీటి కాలువ అదే. పడవలు అవే. ఎక్కే చోటు, వెనక్కి జారే చోటు, కిందకి దూకే చోటు, అన్నీ అవే. కాబట్టి కొత్త రైడ్ రాసినవాళ్లకి స్వేచ్ఛ తక్కువ. ఫలానా చోట పడవ వెనక్కి పోతుంది, ఆ విషయంలో వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. వెనక్కి ఎందుకు పోతోంది అన్నదానికి కొత్త కారణం మాత్రం చెప్పగలరు.

వాళ్లు చేసిందీ అదే. ఇదివరకు ట్రోల్ మంత్రం వేసిన మలుపులో ఇప్పుడు ఎల్సా తన మంచు కోటలో నిలబడి పాడుతుంది, ఆమె శక్తికి పడవ వెనక్కి జారుతుంది. మన భాషలో చెప్పాలంటే ఫంక్షన్ సిగ్నేచర్ మారలేదు, లోపలి కోడ్ మారింది. బొమ్మలు కూడా కొత్తవి. హైడ్రాలిక్స్ బదులు ఎలక్ట్రిక్ మోటార్లతో కదిలేవి. తెరిచినప్పుడు వాటి ముఖాల మీద కళ్లు, పెదవులు ప్రొజెక్షన్‌తో ఆడేవి.

కాలిఫోర్నియాలో ఇంకో ఉదాహరణ ఉంది. అక్కడి డిస్నీ పార్కులో దెయ్యాల హోటల్ లాంటి టవర్ ఆఫ్ టెరర్ 2017 జనవరిలో మూతపడి, ఐదు నెలలు తిరక్కుండానే 'గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ' రైడ్‌గా తెరుచుకుంది. పైనుంచి లిఫ్ట్‌లా పడే యంత్రం పాతదే. ఎప్పుడు పడాలి, ఎంతసేపు ఆగాలి అన్న ప్రోగ్రామ్ మార్చి, ఆరు పాటలకి ఆరు రకాలుగా పడేలా చేశారు.

దీనికి పూర్తి వ్యతిరేకం యూనివర్సల్ వాళ్ల దారి. ఓర్లాండోలో 'జాస్' రైడ్‌ని 2012 జనవరిలో మూసి, మొత్తం పడగొట్టి, హ్యారీ పోటర్ డయాగన్ ఆలీ కట్టారు. అది తెరవడానికి 2014 జులై అయింది. అంటే రెండున్నరేళ్లు. మొదట్నుంచి రాస్తే స్వేచ్ఛ ఎక్కువ, ఎదురుచూపూ ఎక్కువ.

పాతదాన్ని ఉంచుకుంటే దాని హద్దులు కూడా మనతోనే వస్తాయి. ఒక లెక్క వేద్దాం, అంకెలు ఊహించుకున్నవే. పడవకి 15 మంది, నిమిషానికి ఒక పడవ అనుకుంటే గంటకి 900 మంది. లైన్‌లో 2,700 మంది ఉంటే చివరివాడికి 3 గంటలు. కథ ఎంత కొత్తదైనా గంటకి 900 అన్నది మారదు. తక్కువమంది వచ్చే రైడ్ కోసం తవ్విన కాలువలోకి హిట్ సినిమా జనం వస్తే లైన్ పెరగక ఏమవుతుంది? తెరిచిన కొత్తల్లో అక్కడ గంటల కొద్దీ నిలబడింది ఇందుకే.

మరి పోయిందేంటి?

మెయిల్‌స్ట్రామ్ అభిమానులు బాధపడ్డారు. వాళ్ల వాదన సింపుల్: వరల్డ్ షోకేస్ నిజమైన దేశాల కోసం, అరెండెల్ ఏ మ్యాప్‌లోనూ లేదు. కొత్త రైడ్‌లో చమురు రిగ్ లేదు, వైకింగుల ఊరు లేదు, చివరి సినిమా లేదు.

అవతలి వాదనలోనూ బలముంది. ఆ చివరి సినిమా చూడకుండానే చాలామంది థియేటర్ దాటి బయటికి వెళ్లిపోయేవాళ్లు. నార్వే ప్రభుత్వం కూడా 2000ల మొదట్లోనే డబ్బు ఇవ్వడం ఆపేసింది. ఎవరూ చూడని పాఠాన్ని ఎన్నాళ్లు నడుపుతారు? ఎల్సా వల్ల ఆ పెవిలియన్ వైపు పిల్లలు పరిగెత్తుకొస్తున్నారు. 'ఫ్రోజెన్ 2' తెలుగులో ఎల్సాకి నిత్యా మేనన్ గొంతు ఇచ్చింది. మన ఇళ్లలోని చిన్నపిల్లల్ని అడిగి చూడండి, ఓస్లో తెలియకపోయినా అరెండెల్ తెలుస్తుంది.

నాకు అనిపించేది ఇది. మెయిల్‌స్ట్రామ్ చేసే పని రెండు రకాలు. జనాన్ని ఐదు నిమిషాలు సంతోషపెట్టడం ఒకటి, నార్వే అనే దేశం ఉందని, అక్కడ మనుషులు చేపలు పట్టి, చమురు తీసి బతుకుతారని చెప్పడం రెండోది. మొదటి పనిని ఫ్రోజెన్ ఇంకా బాగా చేస్తోంది. రెండో పని ఎవరికీ అప్పగించలేదు. లైన్ ఎంత పొడవుందో కొలవొచ్చు, టికెట్లు లెక్కపెట్టొచ్చు. ఒక పిల్లాడు దిగేటప్పుడు 'నార్వే ఎక్కడుంది?' అని అడిగాడో లేదో ఏ కౌంటరూ లెక్కపెట్టదు. లెక్కలో లేని పని పోయినా రిపోర్టులో కనబడదు.

సీనియర్ల పాత ప్రాజెక్టు మన చేతికొచ్చినా ఇంతే. పనికిరాదనుకుని ఒక మాడ్యూల్ తీసేసే ముందు, డాక్యుమెంటేషన్‌లో రాయని పని అదేమైనా చేస్తోందా అని చూడాలి. చేస్తుంటే, దాన్ని ఎవరికి అప్పగిస్తున్నామో రాసుకుని అప్పుడు తీసేయాలి. నార్వే విషయంలో ఆ ఒక్క లైన్ రాసుంటే, ఎల్సాని చూడ్డానికి గంటల తరబడి లైన్‌లో నిలబడే పిల్లలకి ఆ సమయంలోనే నార్వే గురించి ఎంతో చెప్పి ఉండొచ్చు.