కార్డు మెషీను తరుగు: లెక్క చూచుకొను విధము

నూలు కట్ట కొనునప్పుడు మన నేతగాడు కళ్ళు మూసికొని సొమ్ము చెల్లింపడు. నంబరు చూచును, చిలపలు లెక్కించును, తూకము వేయించును. నలభయ్యో నంబరని చెప్పి తక్కువ నంబరు అంటగట్టిన వర్తకుని మరునాడే నిలదీయును. ఆ జాగ్రత్త సరుకు కొనునప్పుడే కాక, అమ్మిన సొమ్ము చేతికి వచ్చునప్పుడును ఉండవలెను. నేడు ఆ సొమ్ములో చాల భాగము ఫోను మీదను, కార్డు మెషీను మీదను వచ్చుచున్నది. అందులో తరుగు పోవు మార్గములను గూర్చి ఈ పాఠములో తెలిసికొందము.

సిరోంచ ప్రాణహిత ఒడ్డున ఉన్నది. ఆవలి ఒడ్డు కాళేశ్వరము. ఆ పైన దసలి పట్టునకు పేరుపడిన మహాదేవపూర్. గడ్చిరోలి జిల్లా మహారాష్ట్రదైనను ఈ అంచున పెక్కు ఇండ్ల మాట తెలుగే. కొనువారు రెండు ఒడ్డుల నుంచియు వత్తురు. 2022 ఏప్రిల్ 13 నుంచి 24 వరకు ప్రాణహిత పుష్కరములు జరిగినవి. 2027 గోదావరి పుష్కరముల సంవత్సరము. యాత్రకు వచ్చువారిలో నగదు తక్కువగా తెచ్చువారు నేడు పెక్కురు. కావున ఈ సాధనములు మనకు వలదనుటకు వీలు లేదు. అయితే మెషీను అంటగట్టవచ్చు ఏజెంటు తెచ్చు కాగితము సాధారణముగా ఇంగ్లీషులో ఉండును. మనలో పెక్కురు చదివినది మరాఠీ, ఇంట మాటలాడునది తెలుగు. మోసమునకు చోటు అక్కడనే దొరకును.

రుసుము ఎవరికి పోవును?

కొనుగోలుదారు కార్డు గీసినప్పుడు ముగ్గురు వాటా తీసికొందురు: కార్డు ఇచ్చిన బ్యాంకు, వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి కార్డు సంస్థ, మనకు మెషీను ఇచ్చిన బ్యాంకు. ఈ మూడు వాటాలు కలిసినదే ఎం.డి.ఆర్. అను రుసుము. అది మినహాయించుకొని మిగిలినది మన ఖాతాకు చేరును.

చట్టము ఏమి చెప్పుచున్నది?

మొదటిది: 2020 జనవరి 1 నుంచి యూపీఐ చెల్లింపులపైనను, రూపే డెబిట్ కార్డులపైనను ఈ రుసుము లేదు. బ్యాంకు ఖాతా నుంచి క్యూఆర్ కోడ్ ద్వారా వచ్చు సొమ్ము పూర్తిగా మనదే. క్రెడిట్ కార్డును యూపీఐకి జతచేసి చెల్లించినచో లెక్క వేరు; దానిని విడిగా అడిగి తెలిసికొనవలెను.

రెండవది: ఇతర డెబిట్ కార్డులకు 2018 జనవరి 1 నుంచి రిజర్వు బ్యాంకు హద్దు విధించినది. ఏటా 20 లక్షల రూపాయల లోపు అమ్మకము గల చిన్న వర్తకునికి మెషీను మీద నూటికి 40 పైసలు, క్యూఆర్ మీద 30 పైసలు మించరాదు. అంతకు మించిన అమ్మకము గల సంఘములకు ఆ హద్దు 90 పైసలు, 80 పైసలు. డెబిట్ కార్డు రుసుమును కొనుగోలుదారుపై వేయుట నిషిద్ధము.

మూడవది: క్రెడిట్ కార్డునకు అట్టి హద్దు లేదు. అది ఒప్పందమును బట్టి యుండును. కావున బేరము చేయవలసినది ఇక్కడనే.

ఒక లెక్క

ఒక అంగడిలో నెలకు 2,500 రూపాయల చీరలు ఎనిమిది, క్రెడిట్ కార్డులపై అమ్మినారనుకొందము. మొత్తము 20,000. "నూటికి 1.80 మాత్రమే" అని ఏజెంటు చెప్పినాడు. మెషీను అద్దె నెలకు 400 అన్నది కాగితము అడుగున ఉన్నది.

రుసుము 360, అద్దె 400, వెరసి 760. దానిపై జి.ఎస్.టి. నూటికి 18 చొప్పున 136.80. మొత్తము 896.80. అనగా నూటికి దాదాపు నాలుగున్నర, చీరకు 112 రూపాయలు.

వర్షాకాలములో రెండు చీరలే అమ్ముడైనచో? రుసుము 90కి దిగును గాని అద్దె దిగదు. మొత్తము 578.20, చీరకు 289. చీరకు 250 మిగులు చూచుకొను నేతగానికి ఆ నెల మిగులంతయు పోయి, పైగా చీరకు 39 రూపాయలు చేతినుంచి పడును. చెప్పిన ధర ఒకటి, పడు భారము ఒకటి. కావున ఎన్నడును శాతమును మాత్రమే చూడక, నెల మొత్తము కోతను నెల అమ్మకముతో భాగించి చూడవలెను.

మాటలలోని మెలికలు

"మెషీను ఉచితము" అందురు; మూడు నెలల తరువాత అద్దె మొదలగును. ఒకే శాతము చెప్పుదురు; అది అతి చౌక కార్డునకు మాత్రమే వర్తించును. సొమ్ము అదే దినము కావలెనన్న వేరు రుసుము, కనీస అమ్మకము లేకున్న వేరు రుసుము, నడుమ మానుకొన్న జరిమానా ఉండవచ్చును. సొమ్ము వచ్చినట్లు పలుకు సౌండ్ బాక్సునకు అద్దె కలదా అనియు అడుగవలెను. యూపీఐకి రుసుము లేకున్నను ఆ పెట్టెకు ఉండవచ్చును. అన్నిటికంటె ప్రమాదకరమైనది, ప్రతి నెల మన ఖాతా నుంచి సొమ్ము తీసికొనుటకు ఇచ్చు అనుమతి పత్రము. దానిపై గరిష్ఠ మొత్తము ఎంత వ్రాసినారో చూడక సంతకము చేయరాదు. సొమ్ము రాబట్టుకొనుటకు పిన్ను గాని ఓటీపీ గాని అక్కర లేదు. అడిగినవాడు దొంగ యని తెలియవలెను.

సంతకమునకు ముందు

ఒక్కొక్క విధమైన కార్డునకు ఎంత శాతము, అద్దె ఎంత, ఎన్ని నెలల కట్టుబాటు, మానుకొన్న ఎంత, తగవు వచ్చిన ఏ ఊరి న్యాయస్థానము, మెషీను వెనుక ఉన్న బ్యాంకు ఏది — ఈ ఆరును వ్రాతమూలకముగా తీసికొనవలెను. ఖాళీ ఫారముపై సంతకము కూడదు. కాగితమును ఇంగ్లీషు తెలిసిన బిడ్డచేత ఇంట చదివించి, మరునాడు సంతకము చేయుటలో తప్పు లేదు. "నేడే చివరి దినము" అనువానిని రేపు రమ్మనవలెను. ఏడాదిలో కొలది దినములే కార్డు అమ్మకము గల చోట సంఘము పేర ఒకే మెషీను తీసికొని, అద్దె పంచుకొని, ఎవరి అమ్మకము వారి పేర పుస్తకమునకు ఎక్కించుకొనుట మేలు.

మోసపోయినచో

ముందుగా బ్యాంకునకు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేసి, రసీదు ఉంచుకొనవలెను. 30 దినములలో జవాబు రాకున్నను, వచ్చినది తృప్తికరము కాకున్నను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు చెప్పుకొనవచ్చును. దానికి రుసుము లేదు. వివరములకు ఫోను 14448. స్వయముపాధితో పొట్టపోసికొనువానిని 2019 వినియోగదారుల రక్షణ చట్టము వినియోగదారునిగానే చూచును. ఆ సహాయవాణి 1915. ఓటీపీ దొంగతనమునకు వెంటనే 1930కి ఫోను చేయవలెను.

అభ్యాసము

ఈ నెల బ్యాంకు పాసుపుస్తకము తీసి, మెషీను పేర పోయిన ప్రతి పద్దును గుర్తించుడు. మొత్తము కూడి అమ్మకముతో భాగించుడు. ఏజెంటు చెప్పిన శాతముతో పోల్చుడు. తేడా ఉన్నచో ఆ లెక్క సంఘ సమావేశమునకు తెండు; పదిమంది లెక్కలు ఒకచోట పెట్టి అడిగిన ప్రశ్నకు జవాబు త్వరగా వచ్చును.