ఖరగ్‌పూరు తెలుగు పిల్లలకు తొలి బొమ్మల పుస్తకము: రచనాసమస్యలు

ఖరగ్‌పూరు వీధులలో తెలుగు విననగును. చదువుట మాత్ర మరుదు. పందొమ్మిదవ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే యిచట కూడలి నేర్పరచిన పిదప, ఆంధ్రదేశపు టుత్తర తీరమునుండి శ్రామికులు వచ్చి స్థిరపడిరి. వారి సంతతిలోని పిల్లలు పెక్కురు ఇంట తెలుగు మాటాడుచు, బడిలో వంగ, హిందీ, ఆంగ్లములను నేర్చుచున్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ వంగ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగ నిశ్చయించినది. కాని పిల్లవాని చేతి పుస్తకమున లేని భాషకు ప్రభుత్వ పత్రములలోని గౌరవము చిరకాల మక్కరకు రాదు. ఈ తలంపుతో నొక చిన్న పుస్తకమును వ్రాసి, బొమ్మలను గూడ నేనే గీయ బూనితిని. ఆ యత్నమున తేలిన విషయములను మనవి చేయుదును.

మొదటి ప్రశ్న, ఆరంభ మెచట? వంగ వర్ణమాలకును తెలుగు వర్ణమాలకును క్రమ మించుమించుగ నొక్కటియే. బడిలో దానిని నేర్చిన పిల్లవానికి అకారాదిక్రమము క్రొత్తది కాదు. అతనికి క్రొత్తవి ముఖ్యముగ మూడు. ఎ-ఏ, ఒ-ఓ భేదమునకు వంగ లిపిలోను, హిందీ వ్రాతలోను వేర్వేరు చిహ్నములు లేవు. ళకారము వంగమున లేదు. వంగ లిపిలో ఏత్వము హల్లునకు ముందు నిలుచును. తెలుగులో తలపై నెక్కును. చేతిఫోనులలో వాడు రోమను వ్రాతయు నిచట సాయపడదు. అందు మెడయు మేడయు సాధారణముగ నొక్క తీరుననే యుండును. ఇంట తెలుగు వినుచు పెరిగిన బిడ్డ చెవికి మాత్ర మీ భేదములు తెలియును. కావున చెవి యెరిగినదానిని కంటికి జూపుటయే యీ పుస్తకమునకు పని యని నిశ్చయించి, మెడ-మేడ, నెల-నేల, ఇల్లు-ఇళ్ళు వంటి జంటలను గైకొంటిని.

చిక్కంతయు బొమ్మలతో వచ్చినది. నేలకు దున్నిన పొలమును గీచితిని. ఒక బాలిక చూచి వెంటనే 'మాఠ్' అనినది. తప్పు బాలికది కాదు. పొలమును, మైదానమును ఆమె బడి పుస్తకములలో వంగనామముతోనే యెరుగును. చూచిన వస్తువునకు ఏ భాషలో పేరు నేర్చిరో ఆ భాషయే నోటికి ముందు వచ్చును. అందువలన పొలమును దీసివేసి, నేలపై కూర్చుండి అన్నము తినుచున్న పిల్లవానిని గీచితిని. వంటయిల్లు, చుట్టరికము, శరీరావయవములు: ఇంటి తెలుగు చెదరకున్న చోటులివి. నెలకు చంద్రుని గీచిన 'చందమామ' యనిరి. ఆ జంటను విడువవలసి వచ్చెను. మెడకు గీచిన బొమ్మను చూచి 'అమ్మ' యనిరి. బొమ్మ యొక్కటియే మాటను నిర్ణయింపలేదని గ్రహించి, ఒంటిపదమునకు మారుగ 'అమ్మ మెడ', 'మామ మేడ' యని చిన్న పదబంధములను జేర్చితిని. ఇల్లు-ఇళ్ళు జంటకు మాత్రము శ్రమ లేకపోయెను. ఒక పుటలో నొక యిల్లు, ఎదుటి పుటలో రైల్వే క్వార్టర్ల వరుస చాలినవి.

మాండలిక మింకొక సమస్య. నేను 'అక్క' యని వ్రాసితిని. శ్రీకాకుళపు మూలముగల యిండ్లలో అక్కను 'అప్ప' యందురు. చదువ నేర్చు బిడ్డకు తొలి పుటలోనే తన యింటి మాట తప్పని తోచరాదు. 'అప్ప'యే యుంచితిని, 'అక్క' మలి పుస్తకమున రావచ్చును.

ఇట్టి యేర్పాటునకు మార్గదర్శి యీ జిల్లాలోనే కలడు. నేటి పశ్చిమ మేదినీపూరు జిల్లాలోని బీర్‌సింహ గ్రామమున జన్మించిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో 'వర్ణపరిచయము'ను వెలువరించుచు, వంగమున వాడుక లేని దీర్ఘ ౠకార ౡకారములను అచ్చుల వరుసనుండి తొలగించెను. 1930లో వచ్చిన రవీంద్రుని 'సహజపాఠము'నకు నందలాల్ బోసు బొమ్మలు గీచెను. 1923 నాటి 'ఆబోల్ తాబోల్'ను వ్రాసిన సుకుమార్ రాయ్ బొమ్మలను గూడ తానే గీచెను. నా గీతకు వారి గీతతో పోలిక లేదు. కాని వ్రాతయు గీతయు ఒక్క చేతిలో నున్నపుడు, బొమ్మ విఫలమైన చోట మాటను, మాట విఫలమైన చోట బొమ్మను వెంటనే మార్చు వీలు కలదని యనుభవమున దెలిసినది.

హ్రస్వ దీర్ఘ ఎకార ఒకారభేదము తమిళ, కన్నడ, మలయాళములకును గలదు. కావున ఉత్తర దేశమున పెరుగుచున్న ఆ భాషల పిల్లలకును ఈ చిక్కు తప్పదు. ఆయా భాషల పండితులు తమ తమ జంటలను సేకరించి, అచ్చునకు ముందే బొమ్మలను పిల్లలకు జూపి, వారేమందురో వ్రాసికొందురు గాక. తొలి పుస్తకమునకు తొలి పరిష్కర్తలు వారే.