ముందు ప్లగ్గు పీకు – తరవాతే పని పట్టు

ఇస్త్రీ పెట్టె వేడెక్కదు. మిక్సీ తిరగదు. టేబులు ఫాను గరగరమంటుంది. అప్పుడు ఏం చేస్తాం?

పోలవరంలో మెకానిక్కు దొరికితే సరే. లేకపోతే సామాను సంచిలో వేసుకుని కొవ్వూరో, రాజమండ్రో పోవాలి. ఒక రోజు కూలి పోతుంది. బస్సు చార్జీలు అవుతాయి. మెకానిక్కుకి డబ్బులివ్వాలి. అందుకే చాలామంది, ‘చిన్న పనే కదా, మనమే చూసుకుందాం’ అనుకుంటారు.

అలా అనుకోవడంలో తప్పు లేదు. ఆడవాళ్లు కరెంటు పని చెయ్యకూడదని ఎక్కడా లేదు. కానీ కరెంటు కంటికి కనపడదు. వాసన రాదు. చప్పుడు చెయ్యదు. ముట్టుకున్నాకే తెలుస్తుంది. అప్పటికి ఆలస్యమైపోవచ్చు. అందుకే పని నేర్చుకునే ముందు జాగ్రత్త నేర్చుకోవాలి.

మన ఇంటికి కరెంటు ఎలా వస్తుంది?

సీలేరు నది మీద మోతుగూడెం దగ్గర జల విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ నీటి ఒత్తిడితో పెద్ద పెద్ద చక్రాలు తిరుగుతాయి. కరెంటు పుడుతుంది. బొగ్గుతో కరెంటు తీసే కేంద్రాలు కూడా ఉన్నాయి. ఆ కరెంటు పెద్ద లైన్ల మీద ఊళ్లకు వస్తుంది. ఊరి దగ్గర లైనులో 11,000 వోల్టులు ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరు దాన్ని తగ్గిస్తుంది. మన ఇంటికి 230 వోల్టులు వస్తుంది.

ఇంట్లోకి వచ్చే వైర్లలో ఒకటి ఫేజు. రెండోది న్యూట్రలు. కరెంటు ఫేజులో వస్తుంది. సామానులో పని చేస్తుంది. న్యూట్రలులో తిరిగి పోతుంది. మూడో వైరు ఎర్తు. అది భూమిలోకి పోతుంది. దాని పని మనల్ని కాపాడటం.

మనిషి ఒంట్లో నీరు, ఉప్పు ఉన్నాయి. అందుకే ఒంట్లోంచి కూడా కరెంటు పారుతుంది. చేత్తో ఫేజు ముట్టుకుంటాం. కాళ్లు తడి నేల మీద ఉంటాయి. కరెంటు చేతిలో దూరి, గుండె మీదుగా, కాళ్ల గుండా భూమిలోకి పోతుంది. దాన్నే షాకు అంటాం.

ఎంత కరెంటు ప్రాణం తీస్తుంది?

కిలోకి 1000 గ్రాములు. అలాగే ఒక ఆంపియరుకి 1000 మిల్లీ ఆంపియర్లు. కరెంటు పారే లెక్క ఇది.

ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు పారితే చెయ్యి జివ్వుమంటుంది. పది, పదిహేను దాటితే కండరాలు బిగుసుకుపోతాయి. పట్టుకున్న వైరు వదలాలన్నా చెయ్యి వదలదు. 30 దాటితే ఊపిరి ఆడటం కష్టం. 50 నుంచి 100 మిల్లీ ఆంపియర్లు ఒకటి రెండు సెకన్లు పారినా గుండె లయ తప్పి ఆగిపోవచ్చు.

పాతకాలం 60 వాట్ల బల్బు సుమారు 260 మిల్లీ ఆంపియర్లు వాడుకుంటుంది. అంటే ఒక్క బల్బు వెలగడానికి పట్టే కరెంటులో సగం కూడా అక్కరలేదు, మనిషి ప్రాణం పోవడానికి.

స్విచ్చి ఆపితే చాలదా?

ఒక ఇంట్లో అత్తాకోడళ్లు ఇలా మాట్లాడుకుంటున్నారు అనుకోండి.

కోడలు: అత్తయ్యా, ఇస్త్రీ పెట్టె వేడెక్కట్లేదండి. వైరు ఎక్కడో తెగినట్టుంది. విప్పి చూస్తానండి.

అత్త: స్విచ్చి ఆపావా అమ్మాయ్?

కోడలు: ఆపానండి.

అత్త: మరి ప్లగ్గు పీకావా?

కోడలు: స్విచ్చి ఆపేశాను కదండీ. ఇంకా పీకడం దేనికండి?

అత్త: ఈ ఇంటి వైరింగు ఎవరు చేశారో, ఎలా చేశారో నీకు తెలుసా, నాకు తెలుసా? స్విచ్చి ఆపినా వైరులో కరెంటు ఉండొచ్చు. నువ్వు లోపల చెయ్యి పెట్టాక పిల్లాడొచ్చి స్విచ్చి నొక్కొచ్చు. ప్లగ్గు పీకి నీ పక్కనే పెట్టుకో. ఇంక దానికీ కరెంటుకీ చుట్టరికమే ఉండదు.

అత్త చెప్పింది నిజం. స్విచ్చిని ఫేజు వైరు మీద పెట్టాలి. కొందరు పొరపాటున న్యూట్రలు వైరు మీద పెడతారు. అప్పుడు స్విచ్చి ఆపితే సామాను ఆగిపోతుంది. కానీ దాని లోపలి దాకా ఫేజు వస్తూనే ఉంటుంది. ముట్టుకుంటే షాకు కొడుతుంది.

అందుకే మొదటి సూత్రం: స్విచ్చి ఆపాలి. ప్లగ్గు పీకాలి. పీకిన ప్లగ్గు కంటికి కనపడేలా పెట్టుకోవాలి. తరవాతే పని.

గోడ మీద బోర్డు విప్పాలంటే మెయిను స్విచ్చి ఆపాలి. ఆపాక టెస్టరుతో చూడాలి. టెస్టరు పాడైతే కరెంటు ఉన్నా వెలగదు. అందుకే ముందు కరెంటు ఉన్న సాకెట్లో పెట్టి, టెస్టరు వెలుగుతోందో లేదో చూసుకోవాలి. ఆ తరవాతే దాన్ని నమ్మాలి.

ఫ్యూజు ఉంది కదా, భయమేంటి?

చాలామంది ఇలాగే అనుకుంటారు. లెక్క చూద్దాం. ఇంట్లో ఫ్యూజు 5 ఆంపియర్లది అనుకోండి. అంటే 5000 మిల్లీ ఆంపియర్లు. అంతకు మించి కరెంటు పారితేనే ఫ్యూజు పోతుంది. మనిషి ప్రాణం పోవడానికి 100 చాలు. కాబట్టి మనిషికి షాకు కొడుతున్నా ఫ్యూజు చెక్కుచెదరదు. ఫ్యూజు వైర్లు కాలిపోకుండా, ఇల్లు అంటుకోకుండా కాపాడుతుంది. షాకు నుంచి మనిషిని కాపాడలేదు. ఎం.సి.బి. సంగతీ అంతే.

మాటిమాటికీ ఫ్యూజు పోతోందని కొందరు లావు రాగి తీగ చుట్టేస్తారు. అది ఇంకా ప్రమాదం. ఇక అది పోదు. ఇల్లే అంటుకుంటుంది. ఫ్యూజు పోయిందంటే ఎక్కడో తప్పుందని అది చెబుతోంది. ఆ తప్పు వెతకాలి.

మనిషిని కాపాడేవి రెండు ఉన్నాయి.

ఒకటి ఎర్తు. ఇస్త్రీ పెట్టె లోపల ఫేజు వైరు ఊడి ఇనుప రేకుకి తగిలింది అనుకోండి. ఎర్తు బాగుంటే కరెంటు దాని గుండా భూమిలోకి ఒక్కసారిగా పారుతుంది. వెంటనే ఫ్యూజు పోతుంది. ఎర్తు లేకపోతే ఆ పెట్టె ముట్టుకున్న మనిషే ఎర్తు అవుతుంది.

రెండోది ఆర్.సి.సి.బి. అనే రక్షణ స్విచ్చి. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే రెప్పపాటులో ఆపేస్తుంది. కొత్త ఇల్లు కట్టుకునేవారు, పునరావాస కాలనీల్లో కొత్త ఇంట్లో చేరేవారు ఈ రెండూ ఉన్నాయా అని అడగాలి. కానీ అదుంది కదా అని అజాగ్రత్త పనికిరాదు. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రలు పట్టుకుంటే అదీ కాపాడలేదు.

మూడు పిన్నుల ప్లగ్గు

మూడు పిన్నుల ప్లగ్గులో పైన ఉండే పెద్ద పిన్ను ఎర్తుది. అది మిగతా రెండింటి కన్నా పొడుగ్గా ఉంటుంది. ఎందుకు? పెట్టేటప్పుడు ముందు ఎర్తు కలవాలి. తీసేటప్పుడు చివర ఎర్తు విడిపోవాలి.

వైర్ల రంగులు గుర్తుంచుకోవాలి.

ఎరుపు లేదా గోధుమ రంగు – ఫేజు.
నలుపు లేదా నీలం – న్యూట్రలు.
ఆకుపచ్చ, లేదా ఆకుపచ్చ మీద పసుపు చార – ఎర్తు.

ప్లగ్గు మార్చేటప్పుడు ఆకుపచ్చ వైరు పెద్ద పిన్నుకే బిగించాలి. ‘రెండు వైర్లతోనే పని జరుగుతోంది కదా’ అని ఆకుపచ్చ వైరు కత్తిరించకూడదు. సామాను పని చేస్తుంది. మనకి రక్షణ పోతుంది.

కొందరు ప్లగ్గు లేకుండా వైరు కొనలు సాకెట్లో దూర్చి, అగ్గిపుల్లలు గుచ్చుతారు. ఇంట్లో పిల్లలుంటారు. వైరు జారితే వాళ్ల చేతికే తగులుతుంది. ప్లగ్గు ఖరీదు చూసి ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు.

ఇంట్లో చేసుకోగల పనులు

ప్లగ్గు పీకాక ఈ పనులు చేసుకోవచ్చు.

1. విరిగిన ప్లగ్గు మార్చడం.
2. ఫాను రెక్కలు, మిక్సీ అడుగు పొడి గుడ్డతో తుడవడం.
3. అరిగిన మిక్సీ కప్లరు మార్చడం.
4. చిట్లిన వైరు తీసేసి కొత్త వైరు వెయ్యడం. ఇది ఒకసారి తెలిసినవారి దగ్గర చూసి నేర్చుకోవాలి.

వైరు చిట్లితే అతుకు మీద అతుకు వెయ్యకూడదు. మామూలు ప్లాస్టిక్ టేపు చుట్టకూడదు. చేతులు పొడిగా ఉండాలి. కాళ్లకి రబ్బరు చెప్పులుండాలి. తడి నేల మీద కూర్చుని పని చెయ్యకూడదు.

మనం విప్పకూడని సామాన్లు

టీవీ, ఫ్రిజ్, మైక్రోవేవ్ ఓవెను, ఇన్వర్టరు, నీళ్ల మోటారు – వీటిని విప్పకూడదు. ఎందుకు? వీటిలో చాలావాటిలో కండెన్సరు ఉంటుంది. అది కరెంటును దాచి ఉంచుకుంటుంది. ప్లగ్గు పీకాక కూడా షాకు కొట్టగలదు. మైక్రోవేవ్ ఓవెను లోపల వేల వోల్టులు ఉంటుంది.

కరెంటు స్తంభం ఎప్పుడూ ఎక్కకూడదు. ఇంట్లో మగవాళ్లని కూడా ఎక్కనివ్వకూడదు. ఆ పని లైన్‌మన్‌ది. తీగ తెగి కింద పడితే దూరంగా ఉండాలి. ఎవర్నీ దగ్గరికి పోనివ్వకూడదు. 1912 నంబరుకి ఫోను చెయ్యాలి.

బట్టలు ఆరేసే దండేనికి ఇనుప తీగ వద్దు. దాన్ని స్తంభానికో, మీటరు దగ్గరో కట్టడం అసలు వద్దు. తడి బట్టలు ఆరేస్తూ షాకు కొట్టి ఎందరో ఆడవాళ్లు చనిపోయారు. నైలాను తాడు కట్టుకోవాలి.

వరద వచ్చి పోయాక

పోలవరం వాళ్లకి గోదావరి వరద కొత్త కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు పారింది. 2022 జులైలో దాదాపు 26 లక్షల క్యూసెక్కులు పారింది. పోలవరం మండలంలో చాలా ఊళ్లను నీరు చుట్టుముట్టింది.

నీరు ఇంట్లోకి వస్తుందని తెలిస్తే ముందే మెయిను ఆపాలి. సామాన్లు ఎత్తు మీద పెట్టాలి. నీళ్లలో నిలబడి మాత్రం మెయిను స్విచ్చి ముట్టుకోకూడదు.

వరద తీశాక అసలు ప్రమాదం మొదలవుతుంది. మిక్సీ, ఫాను, మోటారు నిండా ఒండ్రు చేరుతుంది. కడిగి, రెండు రోజులు ఎండబెడతాం. పైకి పొడిగా కనిపిస్తుంది. కానీ లోపల తీగ చుట్ట తడిగానే ఉంటుంది. ప్లగ్గు పెడితే పైరేకుకి కరెంటు వస్తుంది. తడిసిన గోడల్లోకీ రావచ్చు. అందుకే మునిగిన సామాను, మునిగిన వైరింగు ఎలక్ట్రీషియను చేత పరీక్ష చేయించాలి. ఆ తరవాతే మెయిను వెయ్యాలి. సామాను పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. మనిషిని కొనుక్కోలేం.

ఎవరికైనా షాకు కొడితే

1. మనిషిని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మనకీ తగులుతుంది.
2. మెయిను ఆపాలి, లేదా ప్లగ్గు పీకాలి.
3. అది కుదరకపోతే పొడి చెక్క మీద నిలబడి, ఎండిన వెదురు కర్రతో వైరును పక్కకి తొయ్యాలి. పచ్చి కర్ర, ఇనుప కడ్డీ వాడకూడదు. ఇది ఇంటి కరెంటుకి మాత్రమే. పెద్ద లైను అయితే దగ్గరికే పోకూడదు.
4. 108కి ఫోను చెయ్యాలి.
5. ఊపిరి లేకపోతే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టాలి. రొమ్ము మధ్యలో అరచెయ్యి, దాని మీద రెండో అరచెయ్యి పెట్టాలి. రెండు అంగుళాలు దిగేలా గట్టిగా నొక్కి వదలాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు అలా చెయ్యాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు.
6. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యకూడదు.

షాకు కొట్టిన మనిషి లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గుండె లయ తప్పిందేమో డాక్టరు చూడాలి.

ఆలోచించండి – చెప్పండి

1. స్విచ్చి ఆపాక కూడా ప్లగ్గు ఎందుకు పీకాలి?
2. ఫ్యూజు మనిషిని ఎందుకు కాపాడలేదు?
3. ఎర్తు పిన్ను మిగతా వాటికన్నా ఎందుకు పొడుగ్గా ఉంటుంది?
4. వరదలో తడిసిన మోటారుకి వెంటనే ప్లగ్గు పెడితే ఏమవుతుంది?

చెయ్యండి

మీ ఇంట్లో మిక్సీ లేదా ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకి, దాన్ని తిప్పి చూడండి. దాని మీద 230 అనే అంకె ఎక్కడుందో వెతకండి. ఎన్ని వాట్లో చదవండి. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందా? చూసి పలక మీద రాయండి.

1912, 108 – ఈ రెండు నంబర్లు పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాయండి. మెయిను స్విచ్చి పక్కన గోడకి అంటించండి. ఇంట్లో పిల్లలచేత కూడా చదివించండి.