అంతర్జాల అంగడిలో అప్రమత్తత

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా తీరాన ఉన్న కృష్ణపట్నం ఓడరేవుగా పేరెన్నిక గన్నది. 2021 మే నెలలో ఆ పేరు మరొక కారణంగా దేశమంతటా వినిపించింది. కోవిడ్ రెండవ విజృంభణ వేళ ఆనందయ్య ఇచ్చే మందు కోసం వేలాది జనం ఆ గ్రామానికి తరలివచ్చారు. ఆ మందు వ్యాధిని నయం చేస్తుందని శాస్త్రీయంగా నిర్ధారణ కాలేదు. అయినా ప్రాణభయం మనిషిని ప్రశ్నించనీయదు. పంపిణీ ఆగిన రోజులలో ఆ మందును అంతర్జాలంలో అమ్మజూపారంటూ ఒక వెబ్‌సైటుపై వివాదం రేగి, పోలీసు ఫిర్యాదుల వరకు సాగింది. అందులోని న్యాయాన్యాయాలు మన పాఠ్యవిషయం కావు. దూరాన ఉన్న సామాన్యుడు అసలైన అంగడిని, నకిలీ అంగడిని వేరుచేసి గుర్తించడం ఎలాగన్నదే మన ప్రశ్న.

మహాభారతంలోని లక్కయింటి కథ మీకు తెలిసినదే. అది చూపులకు రాజభవనం. గోడల నిండా నెయ్యి, లక్క. విదురుని హెచ్చరికను గ్రహించిన ధర్మరాజు ఆ వాసనను పసిగట్టాడు కనుకనే పాండవులు బ్రతికి బయటపడ్డారు. నకిలీ వెబ్‌సైటు నేటి లక్కయిల్లు. ప్రసిద్ధ సంస్థ చిహ్నం, రంగులు అచ్చంగా అలాగే ఉంటాయి. చిరునామాలో ఒక్క అక్షరం మాత్రం మారుతుంది. తాళం గుర్తు కనిపించినంత మాత్రాన నమ్మరాదు. మన సమాచారం దారిలో ఇతరుల కంటబడదని మాత్రమే అది చెబుతుంది. అవతలి వ్యక్తి సజ్జనుడని చెప్పదు. కావున సందేశాలలో వచ్చిన లింకును తాకక, చిరునామాను స్వయంగా టైపు చేయడం మేలు.

అంగడి అసలైనదే అయినా అపాయం తొలగిపోదు. 2020లో బిగ్ బాస్కెట్ సంస్థ నుండి సుమారు 2 కోట్ల మంది వినియోగదారుల వివరాలు దొంగల పాలయ్యాయి. ఇలా ఒకచోట దొరికిన పాస్‌వర్డును హ్యాకర్లు ఇతర ఖాతాలలోనూ ప్రయోగించి చూస్తారు. ఇంటికీ, కొట్టుకూ, ఇనప్పెట్టెకూ ఒకే తాళంచెవి వాడేవాడు వివేకి కాడు. ప్రతి ఖాతాకు వేరొక పొడవైన పాస్‌వర్డు, దానికి తోడు రెండవ ధ్రువీకరణ ఉండాలి.

కార్డుల విషయంలో భారతీయ రిజర్వు బ్యాంకు కొన్ని కట్టుదిట్టాలు చేసింది. అంతర్జాల చెల్లింపులకు కార్డుపై కనిపించని మరొక ధ్రువీకరణను 2009 ఆగస్టు 1 నుండి తప్పనిసరి చేసింది. మనం నిత్యం చూసే ఓటీపీ అటువంటిదే. 2022 అక్టోబరు 1 నుండి వ్యాపార సంస్థలు కార్డు సంఖ్యను తమవద్ద దాచుకొనరాదు. దానికి బదులుగా టోకెన్ అనే సంకేతం ఉంటుంది. అది దొంగిలింపబడినా మరొకచోట చెల్లదు. అయితే విదేశీ వెబ్‌సైట్లలో ఓటీపీ అడగని సందర్భాలున్నాయి. అందుచేత అవసరం లేనప్పుడు అంతర్జాతీయ చెల్లింపుల సౌకర్యాన్ని బ్యాంకు యాప్‌లో నిలిపివేయాలి.

తాళం పగులగొట్టలేని దొంగ తాళంచెవినే అడుగుతాడు. "మీ కార్డు నిలిచిపోతుంది, ఓటీపీ చెప్పండి" అనే ఫోన్ పిలుపు అటువంటిదే. ఏ బ్యాంకు ఉద్యోగీ ఓటీపీ అడగడు. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బ్యాంకు తప్పూ, మన తప్పూ లేక జరిగిన మోసాన్ని, సమాచారం అందిన 3 పనిదినాలలో తెలియజేస్తే నష్టభారం మనపై పడదు. ఓటీపీని మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేవరకు పోయిన సొమ్ము మనదే.

మోసపోతే సిగ్గుపడి మౌనం వహించరాదు. వెంటనే కార్డును నిలిపివేయించి, 1930 సంఖ్యకు ఫోన్ చేయాలి. సొమ్ము చేతులు మారకముందే ఫిర్యాదు చేరితే దానిని ఆపే అవకాశం ఉంటుంది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66సి, 66డి సెక్షన్లు ఇటువంటి నేరాలకు 3 సంవత్సరాల వరకు జైలుశిక్షను విధిస్తున్నాయి. అయినా శిక్ష నేరం తరువాతిది. జాగ్రత్త నేరానికి ముందుది. భయంలోనూ, ఆశలోనూ ఒక్క క్షణం ఆగి ఆలోచించడమే అంతర్జాల అంగడిలో మనకు పెట్టని కోట.

ప్రశ్నలు
1. నకిలీ వెబ్‌సైటును లక్కయింటితో ఎందుకు పోల్చారు?
2. కార్డుల భద్రతకు రిజర్వు బ్యాంకు తీసుకున్న చర్యలను వివరించండి.