పూల్ పైపుల పనికీ బుర్ర కావాలి

పిల్లవాడు ప్లంబింగ్ నేర్చుకుంటానంటే చాలా ఇళ్లలో పిడుగు పడ్డట్టు చూస్తారు. లెక్కలంటే వణికిపోయే పిల్లవాడినైనా సరే, అప్పు చేసి మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సైన్స్‌లో చేర్పిస్తారు. నాలుగేళ్లు తిరిగేసరికి చేతిలో బ్యాక్‌లాగులు, నెత్తిన వడ్డీ. పైపులు బిగించే పనికి బుర్ర అక్కర్లేదన్న నమ్మకమే దీనికి మూలం. ఆ నమ్మకం ఎంత తప్పో తెలియాలంటే, నేలమీద నిలబెట్టే స్విమ్మింగ్ పూల్‌కు ఫిల్టర్ పైపులు వేసే పని ఒక్కటి దగ్గరుండి చూస్తే చాలు.

ఆ పనిలో ఉన్న లెక్క

15 అడుగుల వ్యాసం, 4 అడుగుల నీటి లోతు ఉన్న గుండ్రటి పూల్‌లో దాదాపు 20,000 లీటర్ల నీళ్లు పడతాయి. అవన్నీ 8 గంటల్లో ఒకసారి ఫిల్టర్ గుండా తిరగాలంటే గంటకు 2,500 లీటర్లు నడవాలి. పైపు సైజు, మోటారు, ఇసుక ఫిల్టర్ ఈ లెక్కను బట్టే ఎంచుకోవాలి. పెద్ద మోటారు పెడితే నీళ్లు తొందరగా శుభ్రపడతాయనుకుంటే పొరపాటే. ఫిల్టర్ తట్టుకోలేనంత వేగంతో తోస్తే నీళ్లు ఇసుకలో సందు చేసుకుని, మురికితో సహా మళ్లీ పూల్‌లోకే వస్తాయి.

పూల్ గోడకుండి పైనీటిని, తేలే చెత్తను లాగే స్కిమ్మర్ నుంచి మోటారు, అక్కడి నుంచి ఫిల్టర్, తిరిగి పూల్. దారి ఇంతే. కానీ ఈ రకం పూల్‌లో మోటారు నీటి మట్టానికి కింద, నేలమీద కూర్చుంటుంది. ముందూ వెనకా వాల్వులు పెట్టకపోతే, రిపేరుకు మోటారు విప్పిన రోజున మోటారు పైపు పూల్‌కు తగిలిన ఎత్తు దాకా నీళ్లన్నీ పెరట్లో పారతాయి. పూల్‌లోకి తిరిగొచ్చే నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే, మోటారుకు ముందు ఏదో జాయింటు గాలి పీలుస్తోందన్నమాట. మోటారు దాటాక లీకైతే నీళ్లు బయటికే కారతాయి. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నప్పటి ఒత్తిడి కంటే గేజి 8 నుంచి 10 పీఎస్ఐ ఎక్కువ చూపిస్తే బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీళ్లను ఎదురు తిప్పి ఇసుకను కడగాలి. అందుకు నీటి దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వు తిప్పే ముందు మోటారు ఆపి తీరాలి, లేదంటే లోపలి గాస్కెట్ పాడవుతుంది. తరగతిలో పీడనం పాఠానికి ఆవలించిన పిల్లవాడికి అదే పాఠం ఇక్కడ చేతికి తగులుతుంది.

ప్రాణాల బాధ్యత కూడా ఉంది. 2002లో అమెరికాలో గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాప హాట్ టబ్ అడుగున నీటిని పీల్చే డ్రెయిన్‌కు అతుక్కుపోయి చనిపోయింది. డ్రెయిన్ మూతలు ఎలా ఉండాలో చెబుతూ 2007లో అక్కడ ఆమె పేరుతోనే చట్టం వచ్చింది. ఇంత బాధ్యత ఉన్న పనిని చిన్నపని అనడానికి నోరెలా వస్తుంది?

నేను చెప్పే దారి

ఐటీఐలో ప్లంబర్ ట్రేడ్ ఏడాది కోర్సు. ఎనిమిదో తరగతితోనూ చేరవచ్చు గానీ, పది పాసయ్యే వెళ్లమంటాను. అమ్మాయిలూ చేరవచ్చు. హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్‌లోనూ ప్లంబింగ్ శిక్షణ ఉంది.

ఐటీఐ తర్వాత అప్రెంటిస్‌షిప్, ఆపైన మంచి మేస్త్రీ దగ్గర రెండేళ్లు ఇళ్ల, అపార్ట్‌మెంట్ల పని. పూల్ పని ఆ తర్వాతే. పూల్ పని ఒక్కదాన్నే నమ్ముకుంటే వేసవి దాటాక చేతులు ముడుచుకోవాలి. మోటారు, వాల్వు, ఇసుక ఫిల్టర్ తెలిసినవాడికి అపార్ట్‌మెంట్ల నీటిశుద్ధి ప్లాంట్లలోనూ పని దొరుకుతుంది. బతుకు తెరువుకు రెండు దారులుండటమే నాకిష్టం.

ఈ ఉచ్చుల్లో పడకండి

వారాంతపు క్లాసులతో పూల్ టెక్నీషియన్ సర్టిఫికెట్, వంద శాతం ఉద్యోగం అంటూ వేలకు వేలు అడిగేవాళ్లుంటారు. ఒకటే ప్రశ్న వేయండి: మావాడు తన చేత్తో పైపు కోసి, సొల్యూషన్ పూసి, మోటారు నడిపి చూసే వర్క్‌షాప్ ఎక్కడుంది? సమాధానం నసిగితే లేచి వచ్చేయండి. అప్రెంటిస్‌షిప్‌లో పిల్లలకే స్టైపెండ్ ఇస్తారు. ఊరికే దొరికే పనికి ఎదురు డబ్బు కట్టడమెందుకు?

రెండోది గల్ఫ్ ఏజెంట్లు. కరీంనగర్, నిజామాబాద్ ఇళ్లకు ఈ బాధ కొత్తది కాదు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైన ఏజెంటా కాదా చూడండి. వాళ్లు తీసుకోదగ్గ సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగినా, విజిట్ వీసా మీద వెళ్లి పని చూసుకోమన్నా ఒప్పుకోకండి. తెలంగాణవాళ్లు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను ముందు అడగాలి.

మూడోది ఇంట్లోనే పుట్టే ఉచ్చు. ప్లంబింగ్‌కు ఒప్పుకున్న తండ్రే, కోర్సు ముగిసిన మర్నాడే కొడుకు కాంట్రాక్టర్ కావాలంటాడు. అప్పు తెచ్చి వ్యాను, సామాను కొంటాడు. పైపుల కొలతే సరిగా రానివాడు ఎస్టిమేట్ ఎలా వేస్తాడు? నాలుగేళ్లు ఇంజినీరింగ్‌కు ఇవ్వగలిగిన మీరు ఈ పనికీ ఆ నాలుగేళ్లు ఇవ్వండి.

ఈ సెలవుల్లో మీకు తెలిసిన మేస్త్రీ పని చేసే చోటికి పిల్లవాడిని తీసుకెళ్లండి. పని చూడనివ్వండి, ప్రశ్నలు అడగనివ్వండి. నచ్చితే ఐటీఐ దరఖాస్తు నింపించండి. నచ్చకపోతే వేరే దారి వెతుకుదాం. బంధువులు ఏమనుకుంటారోనన్న బెంగ మాత్రం పిల్లవాడి నెత్తిన పెట్టకండి. రేపు పనికి వెళ్లాల్సింది వాడే, వాళ్లు కారు.