పాఠం 14: చక్రాల ఇంటిలో బస

14.1 పరిచయం

ఈ పాఠం చదవడానికి ముందు ఒక చిన్న పని చేయండి. నిన్న ఉదయం నుండి రాత్రి వరకు మీరొక్కరే ఎన్ని బకెట్ల నీళ్లు వాడారో గుర్తు తెచ్చుకొని కాగితం మీద రాయండి. ఆ కాగితంతో మనకు తరువాత పని ఉంది.

ప్రయాణమంటే రైలెక్కి, ఊరు చేరి, సత్రంలోనో హోటల్లోనో దిగడం మనకు అలవాటు. పడక, పొయ్యి, నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్డి అన్నీ ఒకే బండిలో అమర్చుకొని వెళ్లే పద్ధతి కూడా ఉంది. అటువంటి బండిని క్యారవాన్ అంటారు. సినిమా షూటింగుల పుణ్యమా అని ఈ మాట మీరు వినే ఉంటారు. మొదట ఇది పారసీ మాట. కలిసి ప్రయాణించే వర్తకుల గుంపు అని దాని అర్థం. మన ‘బిడారు’ దానికి దగ్గరి మాట. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని తిరిగిన లంబాడీల బిడారులు నీరు, మేత ఉన్న చోటు చూసుకొని దిగేవి.

14.2 గుడారాల నుండి ఊరు

జంషెడ్‌పూర్ కథ కూడా గుడారాలతోనే మొదలయింది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో సి.ఎం. వెల్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్త, జంషెట్‌జీ టాటా కుమారుడు దొరాబ్జీ ఇనుప ఖనిజం కోసం నేటి మహారాష్ట్రలోని చాందా అడవులలో వెదికారు. అక్కడ మంచినీరు దొరకడమే కష్టమై, ఒక్కొక్కసారి సోడాతో టీ కాచుకున్నారట! ఆ రుచి ఎలా ఉంటుందో ఊహించడం కూడా కష్టమే. చివరకు కర్మాగారానికి తగిన చోటు సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే ప్రాంతంలో, సాక్చి గ్రామం వద్ద దొరికింది. ఖనిజం ఒక్కటే చాలదు, నీరు కూడా కావాలి కదా. 1912లో అక్కడ ఉక్కు తయారయింది. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అనే పేరు వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుండి పనికి వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఈ పాఠం చదివే మీలో కొందరు ఆ కుటుంబాలవారే కావచ్చు.

14.3 ఘాట్‌శిలా వద్ద ఒక రాత్రి

జంషెడ్‌పూర్ నుండి సుమారు 45 కిలోమీటర్లు వెళితే సువర్ణరేఖ ఒడ్డున ఘాట్‌శిలా వస్తుంది. చిన్న ఊరే కాని ఒకప్పుడు ధల్‌భూమ్ రాజుల రాజధాని. ‘పథేర్ పాంచాలీ’ నవల రాసిన విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ 1950 నవంబరు 1న ఇక్కడే కన్నుమూశారు. ఆయన ఇంటి పేరు గౌరీకుంజ్. ఊరికి కొద్ది దూరంలో కొండల మధ్య బురుడి చెరువు ఉంది.

నలుగురున్న ఒక కుటుంబం అద్దె క్యారవాన్‌లో ఆ చెరువు దగ్గర రెండు రోజులు ఉండాలనుకుంది అనుకోండి. క్యారవాన్ల కోసమే ఏర్పాటైన విడిదిలో ప్రతి బండికీ కరెంటు ప్లగ్గు, కుళాయి ఉంటాయి. మురుగు ట్యాంకు ఖాళీ చేసే గుంట కూడా ఉంటుంది. ఇవేవీ లేని చోట బండి ఆపితే ఏం చేయాలి?

బండిలో 100 లీటర్ల ట్యాంకు ఉందనుకుందాం. నలుగురికి, రెండు రోజులకు పంచితే మనిషికి రోజుకు పన్నెండున్నర లీటర్లు. ఇప్పుడు మీ కాగితం తీయండి. మీ బకెట్ 15 లీటర్లదైతే, ఇది ఒక బకెట్ కూడా కాదు!

నీళ్లు అయిపోతే చెరువులో తోడుకుంటాం అని మీరు అనవచ్చు. సరే, మరి వాడిన నీటిని ఎక్కడ పోస్తారు? బట్టల సబ్బు, గిన్నెల జిడ్డు, మరుగుదొడ్డి ట్యాంకు – వీటిని చెరువు గట్టున వదిలితే అవి చేరేది ఆ ఊరివాళ్లు వాడుకునే నీటిలోకే. మీరు మూడో రోజున వెళ్లిపోతారు, వాళ్లు వెళ్లరు. అందుచేత మురుగు ట్యాంకును మూసి ఉంచి, సరైన చోటు దొరికే వరకు మోసుకుపోవలసిందే. ఇది చిరాకు పని, బరువు పని. అయినా తప్పదు.

ఇంకొక సంగతి. దల్మా కొండలలో ఏనుగులున్నాయి. వరి పండే కాలంలో మందలు పొలాల వైపు దిగుతాయి. ధాన్యం, ఇప్పసారా వాసనకు వచ్చి ఇళ్ల గోడలు కూల్చిన సంఘటనలు ఈ ప్రాంతంలో కొత్త కాదు. కాబట్టి బియ్యం, పళ్లు బండి బయట ఉంచకూడదు. అటవీ సిబ్బందినీ గ్రామస్థులనూ అడగకుండా అసలు రాత్రి ఆగకూడదు. “ఇక్కడ వద్దు బాబూ” అని ఒక పెద్దాయన అంటే, కారణం అడగకముందే బండి తీయండి.

పాఠ్యగత ప్రశ్నలు

1. క్యారవాన్, బిడారు అనే మాటలకు గల పోలిక ఏమిటి?

2. నలుగురికి బదులు ఆరుగురు ప్రయాణిస్తే, రెండు రోజులకు మనిషికి రోజుకు ఎన్ని లీటర్లు వస్తాయి? ఆ నీటిలో మీరు ఏ పని మానుకుంటారు? మీ కాగితం చూసి రాయండి.