టెలివిజను ప్రకటనలును చిన్నపిల్లలును

గత సంవత్సరము వర్షాకాలమున నొకనాడు, మధ్యాహ్నపు గంట కొట్టిన పిమ్మట, ఒక వృద్ధురాలు తన మనుమని చేయి పట్టుకొని మా తరగతి గుమ్మము కడకు వచ్చెను. బాలుడు రెండవ తరగతి. ఆరేండ్లు నిండి కొలది మాసములే అయినది. ఆమె కొంగుతో ముఖము తుడుచుకొని, “మేష్టారండీ, ఈడికి మీరైనా చెప్పండి. ఇంట్లో గేదె ఈనిందండి. చిక్కటి పాలు. అయినా డబ్బాలో పొడి కలిపితేగాని గ్లాసు ముట్టుకోడండి. ఆ డబ్బా కొంటే వాళ్ల నాన్న ఒక రోజు కూలిలో సగం దానికే పోతందండి” అనెను.

నేను బాలుని దగ్గరకు పిలిచి కారణమడిగితిని. వాడు జంకక చెప్పెను: “పొడి లేకపోతే పొడుగవనండి. టీవీలో కొలిచి చూపించారండి.” ఇంకను అడుగగా మరియొక సంగతి తెలిసినది. వాని యింట తలుపు వెనుక గోడమీద పెన్సిలు గీతలున్నవి. మొదటి డబ్బా కొన్ననాటినుండి ప్రతి ఉదయమును వాడు గోడకు ఆనుకొని నిలిచి తన యెత్తు గుర్తించుకొనుచున్నాడు. టెలివిజనులోని బాలుని గీత కనులముందరనే పైకి పోయినది. తన గీత కదలలేదు. తప్పు పొడిదని వానికి తోచలేదు. తాను అడుగున కొంచెము మిగిల్చి త్రాగుటచేతనే ఇట్లయినదని నమ్మి, ఆ దినములలో గ్లాసును వేలితో తుడిచి నాకుచుండెనట!

ఈ బాలుడు మొండివాడు కాడు. పెద్దవారు చెప్పిన మాట నమ్మవలెనని ఇంటను బడిలోను మనమే నేర్పితిమి, వాడు నమ్మెను. ఎటొచ్చియు ఆ మాట చెప్పిన పెద్దవారు వాని యింటివారు కారు. చదువరులు, ముఖ్యముగా తలిదండ్రులు, ఈ విషయమును కొంచెము నిదానముగా ఆలోచింపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

సంతలో బేరగాడు తన వంకాయలే లేతవని కేకలు వేయును. మనము విని, వంకాయను గిల్లి చూతుము. వాడు అమ్ముకొనుటకు చెప్పుచున్నాడని మనకు తెలియును గనుక వానిపై కోపమును రాదు. చిన్నపిల్లలకు ఈ గిల్లి చూచు బుద్ధి పుట్టుకతో రాదు. వయస్సుతో క్రమముగా వచ్చును. నాలుగైదేండ్ల పిల్లలు కథ యెక్కడ ఆగినదో, ప్రకటన యెక్కడ మొదలైనదో చాలవరకు గుర్తింపగలరు. పాట మారును, రంగులు మారును, మాటల వేగము మారును. కాని అట్లు గుర్తించుట వేరు, ఆ ప్రకటన చేసినవాని ఉద్దేశమును గ్రహించుట వేరు. అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘమువారు నియమించిన నిపుణుల మండలి అంతవరకు జరిగిన పరిశోధనలను పరిశీలించి 2004లో ఒక నివేదిక ప్రకటించినది. ఎనిమిదేండ్లలోపు పిల్లలకు ఈ గ్రహణశక్తి చాలదనియు, ప్రకటనలోని మాటలను వారు నిజములుగనే తీసికొందురనియు, అంత చిన్నవారి నుద్దేశించిన ప్రకటనలకు హద్దు విధింపవలయుననియు అందు తెల్పిరి.

దీనికి తోడు 2007లో ప్రకటింపబడిన ఒక ప్రయోగము కలదు. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ వైద్యుడు తామస్ రాబిన్సనును ఆయన సహచరులును మూడు మొదలు అయిదేండ్ల వయస్సుగల 63 మంది పిల్లలకు ఒకే పదార్థమును రెండు భాగములు చేసి యిచ్చిరి. ఒకటి మెక్‌డొనాల్డ్సు అను ప్రసిద్ధ ఫలహారశాల గుర్తుగల కాగితములో నుండెను, రెండవది గుర్తు లేని తెల్లకాగితములో. ఏది రుచిగా నున్నదని యడుగగా, అయిదు పదార్థములలో నాలుగింటి విషయమున పిల్లలు గుర్తుగల దానినే మెచ్చుకొనిరి. అందులో పాలు కలవు, కారెట్టు ముక్కలును కలవు! కారెట్టు ఆ ఫలహారశాలవారు అమ్మునదియే కాదు. ఇంటిలో టెలివిజనులు ఎక్కువగా నున్న పిల్లలలో ఈ భ్రమ మరింత హెచ్చుగా కనబడినది. ప్రకటన పిల్లవాని చేత వస్తువును కొనిపించుటతో ఆగదు, వాని నాలుకకు సైతము రుచి చెప్పుచున్నదని దీనివలన తెలియుచున్నది.

ఈ పెట్టె మన తెలుగు పిల్లల యెదుటికి మొదట వచ్చిన తీరు చాలమందికి జ్ఞాపకముండదు. దానికి పూర్వము రేడియో యుండెను. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మదరాసు రేడియోలో పిల్లల కార్యక్రమములు నడిపి “రేడియో అన్నయ్య, అక్కయ్య” అని పేరు పొందిరి; 1945లో “బాల” అను పత్రికను స్థాపించిరి. టెలివిజను ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న ప్రయోగముగా ప్రారంభమైనది. పల్లెటూళ్లకు అది పోయినది 1975లో. ఆ ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరము పాటు, అమెరికావారి ఉపగ్రహము నొకదానిని ఎరువు తీసికొని, ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములను పంపిరి. మన ఆంధ్రప్రదేశము ఆ యారింటిలో నొకటి. ఉదయము పాఠశాల పిల్లలకు, సాయంకాలము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము మొదలైన విషయములు. ఊరందరకు నొకటే పెట్టె. అనగా మన పల్లెపిల్లలకు టెలివిజను మొదట ఉపాధ్యాయుడుగా వచ్చినది.

ఆ ప్రయోగము సాగుచుండగనే, 1976 జనవరి 1న, దూరదర్శనములో వాణిజ్య ప్రకటనలు మొదలయ్యెను. మరుసటి సంవత్సరము హైదరాబాదు కేంద్రము వచ్చెను. 1982లో రంగులు వచ్చెను. 1995లో తెలుగున ప్రైవేటు ఛానళ్లు వచ్చెను. 2009లో కేవలము పిల్లల కొరకే తెలుగు ఛానలొకటి వచ్చినది. దినమెల్ల బొమ్మల కథలు చూపుటకు ధనము కావలెను గదా! అందులో అధికభాగము ప్రకటనలవారు చెల్లింతురు. మనము కథ చూచుచున్నామనుకొందుము. వర్తకుడు మన పిల్లవాని చూపును కొనుచున్నాడు.

ప్రకటన యను దానిపై నాకు ద్వేషము లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము స్థాపించి, దానికి ఊరూర ప్రచారము చేసిరి. సంగీత సభలలో ఉచితముగా పంచిపెట్టించిరని చెప్పుదురు. ఆ ధనముతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టినది. ప్రకటన లేకున్న ఆ పత్రిక లేదు. అయితే పంతులుగారు తలనొప్పిగల పెద్దవానికి చెప్పిరి. వాడు రాచుకొని చూచును. నొప్పి తగ్గకున్న మరల కొనడు. ఆరేండ్ల బాలునికి “నీవు పొడుగగుదువు” అని చెప్పిన, వాడు దేనితో సరిచూచుకొనును? తలుపు వెనుక గోడతో!

పొడుల సంగతి కొంచెము విపులముగా చెప్పవలెను. హార్లిక్సు మనకు పరాయిది కాదు. మన ప్రాంతమునకు సమీపముననున్న ధవళేశ్వరమున దానిని తయారుచేయు కర్మాగారము వెలసి అనేకులకు ఉద్యోగములిచ్చినది. 1873లో అమెరికాలోని షికాగోలో విలియము, జేమ్సు హార్లికు అను సోదరులు ఈ వ్యాపారమును మొదలిడిరి. గోధుమపిండి, మొలకెత్తించి ఎండబెట్టిన యవలు, పాలు – వీనితో చేసిన ఆ పొడిని మొదట పసిబిడ్డలకును రోగులకును తేలికగా జీర్ణమగు ఆహారమని అమ్మిరి. మన దేశమున అది బడిపిల్లల పానీయమైనది. త్రాగిన పిల్లలు మరింత పొడుగుగను, బలముగను, చురుకుగను అగుదురని టెలివిజనులో చాటిరి. ఇట్టి ప్రకటన యొకటి 2008లో ఒక నేపాలీ ఛానలు ద్వారా ఇంగ్లండులోని యిండ్లలో కనబడెను. అచ్చటి ప్రకటనల ప్రమాణముల సంస్థవారు ఆ మాటలకు తగిన నిదర్శనము చూపలేదని చెప్పి దానిని నిషేధించిరి. ఆ ప్రకటన ఇంగ్లండు కొరకు చేసినది కాదనియే తయారీదారుల సమాధానము. ఒక దేశపు పిల్లలకు చెప్పగూడని మాట మరియొక దేశపు పిల్లలకు చెప్పవచ్చునా అని నాకు అప్పటినుండియు సందేహము.

2024 ఏప్రిలులో మన కేంద్ర వాణిజ్య మంత్రిత్వశాఖవారు, 2006 నాటి ఆహారభద్రత చట్టములో “హెల్త్ డ్రింకు” అనునదే నిర్వచింపబడలేదని తెల్పి, ఇంటర్నెట్టు ద్వారా సరుకులమ్ము సంస్థలు బోర్నవీటా మొదలగు పానీయములను ఆ పేరిట చూపరాదని సూచించిరి. ఆ మాసముననే హార్లిక్సు యజమానులగు హిందూస్థాన్ యూనిలీవరువారు తమ పానీయముల వర్గపు పేరునుండి “హెల్త్” అను మాటను తొలగించిరి. పేరు మారుటకు పూర్వము ఎన్ని సంవత్సరములు ఎందరు తల్లులు ఆ మాటను చూచి డబ్బా కొనిరో!

ఈ పొడులు విషమని నేననను. ఏ డబ్బానైన వెనుకకు త్రిప్పి చదువుడు. అందులో వేసిన పదార్థముల పేర్లు బరువును బట్టి, ఎక్కువది మొదటగను తక్కువది చివరగను వ్రాయవలెనని నియమము. చక్కెర ఎన్నవ పేరుగా నున్నదో చూడుడు. పిమ్మట త్రాగు విధానము చదువుడు: పొడిని పాలలో కలుపవలెనని యుండును. మాంసకృత్తులు, సున్నము, క్రొవ్వు గల పాలు బిడ్డకు బలమిచ్చుచుండగా, ఆ కీర్తియంతయు చెంచాడు పొడికి పోవుచున్నది. పాపము, గేదెకు ప్రకటన లేదు.

మన సీమలో కొబ్బరిబొండము చెట్టున నున్నది, అరటిపండు పెరటిలో నున్నది, చేప కాలువలో నున్నది. ఆత్రేయపురపు పూతరేకులును తాపేశ్వరపు కాజాయును ఏ బొమ్మల కథ నడుమను కనబడకయే దేశమంతట పేరు పొందినవి. (అవి దినము తినదగినవని చెప్పుట లేదు, పండుగకు చాలును.) కాని కిరాణా కొట్టు ముందు నిలుచున్న పిల్లవాని కంటికి సరిగా ఎదుట వ్రేలాడునది అయిదు రూపాయల చిప్సు పొట్లము. అందులో బొమ్మ యున్నదని టెలివిజను చెప్పినది. వాడు పొట్లము కొనునది బొమ్మ కొరకు. తినునది ఉప్పు, నూనె. కొనిపెట్టని తల్లి ఆ క్షణమున వానికి శత్రువు. ఇంటిలో పుట్టిన ఈ చిన్న కలహమునకు మూలము ఎక్కడో యున్న ప్రకటనల గదిలో నున్నదని ఆ తల్లికి తెలియదు, బిడ్డకు అంతకన్న తెలియదు.

చట్టములు లేవా? కలవు. కెనడాలోని క్విబెకు రాష్ట్రమువారు 1980లో పదమూడేండ్లలోపు పిల్లల నుద్దేశించిన వాణిజ్య ప్రకటనలను నిషేధించిరి; స్వీడనువారు 1991లో పండ్రెండేండ్లలోపువారికి టెలివిజను ప్రకటనలు చేయరాదనిరి. మన దేశమున 2020 నాటి నియమముల ప్రకారము క్రొవ్వు, ఉప్పు, చక్కెర హెచ్చుగా గల తినుబండారములను పాఠశాల గేటునుండి 50 మీటర్లలోపల అమ్మగూడదు. 2022 జూను 9న వెలువడిన మార్గదర్శకములు, శాస్త్రీయమైన ఆధారము లేక ఒక వస్తువు పిల్లల తెలివినిగాని దేహశక్తినిగాని పెంచునని చెప్పరాదనియు, చిప్సు, సోడా పానీయములు మొదలగువానిని పిల్లల కార్యక్రమములలోను పిల్లల ఛానళ్లలోను ప్రకటింపరాదనియు శాసించినవి. మంచిదే. అయితే మన పిల్లలు చూచునది పిల్లల కార్యక్రమములేనా? రాత్రి భోజనమువేళ నాయనమ్మ ప్రక్కన కూర్చుండి సీరియలు చూతురు. తండ్రితో క్రికెట్టు చూతురు. ఆ వేళలు ఈ నిషేధము క్రిందికి రావు. మోసపు ప్రకటన యని తోచినప్పుడు 1915 అను సంఖ్యకు ఫోను చేసి వినియోగదారుల సహాయ కేంద్రమునకు తెల్పవచ్చును. ఈ సంగతి తలిదండ్రులలో ఎందరెరుగుదురో నాకనుమానమే.

ఇప్పుడు పెట్టెకన్న చేతిలోని ఫోను ప్రమాదకరము. టెలివిజనులో కథకును ప్రకటనకును నడుమ కొంచెమైన గట్టు కలదు. ఫోనులో ఒక బాలుడు నవ్వుచు క్రొత్త ఆటబొమ్మల పెట్టెలు విప్పుచుండును. అది ఆటయో అమ్మకమో పెద్దలకే తెలియదు. రెండు మొదలు నాలుగేండ్ల పిల్లలకు ఏ తెరయైనను దినమునకొక గంటకు మించరాదనియు, ఏడాది నిండని బిడ్డకు అసలే వలదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో చెప్పిరి. అన్నము తినిపించుటకు ఫోను చేతికిచ్చు తల్లులను నేను నిందింపలేను. పని యెక్కువ, చేతులు రెండే. అయినను నిజము చెప్పవలెను గదా.

ఆ వృద్ధురాలు వచ్చిన వారమున నేను తరగతిలో ఒక చిన్న ఆట ఆడించితిని. పెద్దలెవరైనను ఇంటిలో ఆడించవచ్చును. ప్రకటన వచ్చినప్పుడు టెలివిజను ధ్వనిని పూర్తిగా తగ్గించి, బొమ్మను మాత్రము చూడవలెను. తరువాత మూడు ప్రశ్నలు: ఇది ఎవరు చేసిరి? మన చేత ఏమి కొనింపదలచిరి? ఏమి చెప్పక విడిచిరి? మొదటి దినమున పిల్లలు నవ్విరి. పాట లేకున్న ఆ పరుగులు, ఆ గంతులు వారికి వింతగా తోచినవి. కొందరు తామే ప్రకటనలు కల్పించిరి. ఒక బాలిక తన అరిగిపోయిన రబ్బరు ముక్కను అందరకు అమ్మజూపి, “ఇది వాడితే లెక్కలు వచ్చేస్తాయి” అని పాడెను. ముగ్గురు కొనుటకు సిద్ధపడిరి!

పొడి త్రాగు బాలుడు ఇంటి డబ్బాను తెచ్చెను. వెనుకనున్న సన్నని అక్షరములను అక్షరమక్షరము కూడబలుకుకొని “చ-క్కె-ర” అని చదివి నావైపు చూచెను. నేనేమియు అనలేదు. తలుపు వెనుక గీతలను దినదినము కాక, నెలకొకసారి గీయుమని మాత్రము చెప్పితిని. సంక్రాంతి సెలవులకు ముందు వాడు పరుగున వచ్చి, గీత వ్రేలెడు మందము పైకి పోయినదని చెప్పెను. డబ్బా అయిపోయి అప్పటికి రెండు మాసములైనదట. పిమ్మట కొంతసేపు నిలిచి, చాలకాలమునుండి మనస్సులో నున్నట్లుగా నన్నడిగెను: “అయితే మేష్టారూ, టీవీలో ఆ అబ్బాయిని కొలిచింది ఎవరండీ?”

ఆ ప్రశ్నకు ఆనాటి రెండవ తరగతి పాఠమంతయు పట్టినది.